ఉప్పు, బొగ్గు, రెండు బిందెల నీళ్ళు

ఇది ఒక మహావీరుడి గాథ. ఇందులో పాతాళం ఉంది. కంటికి కనబడని శత్రువు ఉన్నాడు. క్షుద్రపూజ అనుమానం ఉంది. పట్టుచీర కట్టిన ఒక వృద్ధురాలి వ్రతం ఉంది. ధర్మం కోసం చేతిలో ఉన్న పని వదులుకుని నాలుగు రోడ్ల కూడలిలో ఒంటరిగా నిలబడ్డ మనిషి ఉన్నాడు. చదివి ముగించేసరికి మీ ఒళ్ళు జలదరించాలి.

జలదరించదు. పాతాళం అంటే ఎనిమిది అడుగుల గుంత. కూడలి అంటే సుచిత్ర చౌరస్తా. మనిషి ఎలక్ట్రీషియన్. ఒళ్ళు జలదరించింది మా అమ్మ ఒక్కదానికే, అదీ ఫ్రిజ్ తలుపు పట్టుకున్నందుకు.

పోయిన ఎండాకాలం మేడ్చల్‌లో మా ఇంట్లో జరిగింది ఇది. 2008. అమ్మ పెరుగు గిన్నె తీద్దామని ఫ్రిజ్ పట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. మర్నాడు మళ్ళీ. మూడో రోజు నుంచి అమ్మ ఫ్రిజ్‌ను చెక్క గరిటెతో తెరవడం మొదలుపెట్టింది. రిటైరైన బస్సు కండక్టరు మా నాయిన, తాను స్వయంగా పరీక్షిస్తానని ముందుకొచ్చి, తలుపు పట్టుకుని, "నాకేం గాలె, అంత నీ భ్రమ" అని తీర్పు చెప్పాడు. ఆయన కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచాం. ఇరవై ఏళ్ళ అబ్బాయి. రెండు సెల్‌ఫోన్లు, ఒక టెస్టరు. టెస్టరు పెట్టి చూసి, "చెప్పులేస్కొని తెరువుండ్రి ఆంటీ" అన్నాడు. వచ్చినందుకు చార్జీ తీసుకుని వెళ్ళిపోయాడు. సమస్యకు పరిష్కారం చెప్పులు. చెప్పులు కూడా మావే.

అమ్మ గరిటె పట్టుకుని నిలబడి, "గా కరెంటు సారైతే గిట్ల జెప్పునా?" అంది.

చెప్పడు. ఆయన గురించే ఇది.

ఆయన పేరు మాకు తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు. 1995లో మేము ఇల్లు కట్టుకునేటప్పుడు మచ్చ బొల్లారం నుంచి మోపెడ్ మీద వచ్చేవాడు. ఇస్త్రీ చేసిన తెల్లంగి. గోడలు చెక్కించి పైపులు వేయించే మనిషి తెల్లంగి ఎందుకు వేసుకుంటాడా అని నేను ఆలోచించాను. సాయంత్రం వెళ్ళేటప్పుడు కూడా ఆ అంగీ తెల్లగానే ఎలా ఉండేదో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను, అంటే ఆలోచించడానికి నాకు బోలెడు సమయం ఉండేది.

ఆ రోజుల్లో కరెంటు తెలిసినవాడంటే సగం డాక్టరు. మేస్త్రి ఇటుకల మీద కూర్చునేవాడు. తలుపులు చేసే వడ్లాయన తన చెక్కల మీదే కూర్చునేవాడు. ఈయన వస్తే నాయిన లేచి తన కుర్చీ ఇచ్చాడు. మాకున్నది ఒకటే కుర్చీ. నాయిన కుర్చీలోంచి లేవడం నేను రెండేసార్లు చూశాను. మొదటిసారి డిపో మేనేజరు వచ్చినప్పుడు, రెండోసారి ఈయన వచ్చినప్పుడు. మేనేజరుకు చాయ్ గ్లాసులో ఇచ్చారు. ఈయనకు కప్పు, సాసరు.

ఆయన ఆ కప్పును నేరుగా పట్టుకోడు. ముందు కుడిచెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ళ వెనక భాగంతో ఒకసారి తాకుతాడు. తర్వాతే పట్టుకుంటాడు. గేటు అయినా అంతే, కుర్చీ అయినా అంతే. పక్కింటి పసిపిల్లను ఎత్తుకోమని చేతికిస్తే దాని బుగ్గను కూడా ముందు వెనకచేత్తోనే తాకాడు. మా వీధి కుక్కకూ మినహాయింపు లేదు. ఎందుకని అడిగాను.

"అరచెయ్యి పెడితే ముడ్సుకపోతది తమ్మి. కరెంటుంటే ఇడువనియ్యది. ఎన్కచెయ్యి పెడితే అదే తోసేస్తది."

"కుక్కల కరెంటుంటదా సారూ?"

"లేదనుకున్న దాన్లనే ఉంటది."

గొడవ గుంత దగ్గర మొదలైంది. వైర్లన్నీ గుంజాక ఆయన ఇంటి వెనకాల ఒక మూల ఎనిమిది అడుగుల గుంత తవ్వించమన్నాడు. ఎర్తింగ్‌కట. ఒక ఇనుప పైపు, గోనెసంచెడు బొగ్గు, గోనెసంచెడు దొడ్డుప్పు కూడా కావాలన్నాడు. నాయిన ఇరవై ఏళ్ళుగా బస్సులో చిల్లర చూసుకుంటూ బతికిన మనిషి. వెంటనే ఒక ఉపాయం చెప్పాడు.

"సారూ, సెప్టిక్ ట్యాంకు కోసమని పది ఫీట్లు ఆల్రెడీ తవ్వినం గదా. గండ్లనే ఓ మూల్కు మీ పైపు పెట్టరాదు? అదీ గుంతనే, ఇదీ గుంతనే."

ఆయన కాసేపు మాట్లాడలేదు. అవమానం మింగుతున్నాడేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన ఎవరికి జవాబు చెప్పాలన్నా ముందు అంతసేపు ఆగుతాడు.

"కండక్టర్ సాబ్, మీ బస్సుల టికెట్లు కొట్టేటోడు, బండి నడిపేటోడు ఒక్కడేనా?"

"ఒక్కడెట్లయితడు?"

"గిదీ గంతే."

నాయినకు అర్థమైంది. కొన్నేళ్ళకు డ్రైవరే టికెట్లు కొట్టే బస్సులు కూడా వచ్చాయి. అది వేరే దుఃఖం.

"మరి ఎప్పటికైతది సారూ గిదంత?"

"లైటు ఎల్గాల్నంటే ఇయ్యాల్నే. ఎవ్వలు సావొద్దంటే ఇంకో నాల్గు దినాలు."

నాయిన లెక్క వేసుకుని నాలుగు రోజులకు ఒప్పుకున్నాడు.

కానీ మా అవ్వ ఒప్పుకోలేదు. పక్కింటామె ఉదయమే వచ్చి ఆమె చెవిలో ఒక మాట వేసి పోయింది: గృహప్రవేశం కాని ఇంట్లో, మూలకు గుంత తీసి, ఉప్పు, బొగ్గులు పాతిపెట్టేది కరెంటు పని కాదు, బాణామతి. అవ్వ వెళ్ళి గుంత ఒడ్డున కూర్చుంది. తవ్వేవాళ్ళు పారలు పక్కన పెట్టి బీడీలు వెలిగించారు. వాళ్ళకు ఏ మతమైనా ఒకటే, కూలి రోజు లెక్క.

"నా కండ్ల ముంగట గీ పని జెయ్యనియ్య" అంది అవ్వ.

నాయిన బతిమాలాడు. అమ్మ కూడా బతిమాలింది కానీ, రెండు అడుగులు దూరంగా నిలబడి. అనుమానం ఆమెకూ ఉంది. నేను నవ్వాను, తిట్లు తిన్నాను. ఆయన మాత్రం నవ్వలేదు. వచ్చి తెల్లంగీతోనే మట్టిలో అవ్వ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, పొద్దుగూకితే గొడ్డుకు ఇంటికి పోవాల్నని ఉంటది గదా. కరెంటుకు గూడ ఉంటది. దాని ఇల్లు భూమి. తొవ్వ సూపిస్తే సక్కగ పోతది. సూపియ్యకుంటే నీ మీదికెల్లి పోతది."

"నా మీదికెల్లెందుకు పోతది? దానికి నేనేం జేసిన?"

"నువ్వేం జెయ్యలే. ఒట్టికాళ్ళతోని నిలవడ్డవ్, గంతే."

అవ్వ తన కాళ్ళ వైపు చూసుకుంది. జీవితంలో చెప్పులు వేసుకున్న మనిషి కాదు.

"మరి ఉప్పెందుకు? బొగ్గులెందుకు?"

"నీళ్ళు పట్టి పెడ్తయి. గుంత ఎండొద్దు. ఎండిందనుకో, తొవ్వ బందైతది."

"అయితే నీళ్ళు పొయ్యాలె."

"పొయ్యాలె. మంగళారం ఓ బిందె, శుక్రారం ఓ బిందె."

"వానకాలం గూడనా?"

"వానకాలం అక్కర్లె."

అవ్వ గుంతలోకి వంగి చూసింది. తర్వాత అసలు ప్రశ్న అడిగింది.

"ఏ దేవునికి బిడ్డా?"

ఆయన నాయిన వైపు చూశాడు. నాయిన ఆకాశం వైపు చూశాడు.

"భూదేవికి" అన్నాడు ఆయన.

అవ్వ లేచి, చీర దులుపుకుని, పసుపు కుంకుమ తేవడానికి పోయింది. గుంత పూడ్చాక పైన తేలిన ఇనుప పైపుకు బొట్లు పెట్టింది. మొదటి శుక్రవారం పట్టుచీర కట్టుకుని నీళ్ళు పోసింది. రెండో శుక్రవారం నుంచి మామూలు చీరే. కానీ తప్పలేదు. ఏడేళ్ళపాటు, ఎండాకాలమైతే చాలు, మంగళవారం ఒక బిందె, శుక్రవారం ఒక బిందె. బోరు ఎండిపోయి ట్యాంకరు నీళ్ళకు వీధంతా కొట్టుకున్న ఏడాది మేము స్నానం మానేశాం, అవ్వ గుంత మానలేదు.

గృహప్రవేశం రోజు మా వైపు ఇల్లు కట్టినవాళ్ళకు బట్టలు పెడతారు. మేస్త్రి, వడ్లాయన, ఆయన ముగ్గురూ వరసగా చాప మీద కూర్చున్నారు. తాంబూలం పళ్ళెంలో అంగీగుడ్డ, ప్యాంటుగుడ్డ పెట్టి నాయిన అందరికంటే ముందు ఆయనకే ఇచ్చాడు. ఆయన గుడ్డను వెనకచేత్తో ఒకసారి తాకి తీసుకున్నాడు. తర్వాత లేచి, ప్యాంటు మడిచి, వంటింట్లో బిందెడు నీళ్ళు గుమ్మరించమన్నాడు. తడి గచ్చు మీద ఒట్టికాళ్ళతో నిలబడి ఇస్త్రీపెట్టె, మిక్సీ, కొత్త నీళ్ళ మోటరు అన్నీ ఒక్కొక్కటే ఆన్ చేయించి వెనకచేత్తో తాకుతూ పోయాడు. ఇల్లంతా ఊపిరి బిగబట్టి చూసింది.

ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఆయన పని. చుట్టాలు కొంచెం నిరాశపడి భోజనాలకు లేచారు.

ఆయన వృత్తికి అసలు జబ్బు అక్కడే ఉందని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. ఏమీ కానిదానికి ఎంతని ఇస్తారు?

నేను డిగ్రీ రెండుసార్లు రాశాను. రెండుసార్లూ డిగ్రీయే గెలిచింది. ఆ తర్వాత సుచిత్రలో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో కౌంటరు మీద చేరాను. వైర్లు, స్విచ్చులు, ఫ్యాన్లు. ఆ కౌంటరు వెనక నిలబడి ఒక వృత్తి మెట్లు దిగిపోవడాన్ని, టికెట్టు లేకుండా, చూశాను.

చేరిన కొత్తలో ఇల్లు కట్టుకునేవాళ్ళు ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చి, "సారు ఏది జెప్తే గది ఇయ్యి" అనేవారు. కొన్నేళ్ళకు "మేస్త్రి ఏం రాసిండో సూడు" అన్నారు. తర్వాత "అన్న" అయ్యాడు. అన్న అంటే మర్యాద పెరిగినట్టు కాదు, మోటరు తుడిచేవాడూ అన్నే. చివరికి చీటీ ఒకటే వచ్చేది. ఆయన బయట ఫుట్‌పాత్ మీద నిలబడేవాడు, ఇంటివాళ్ళు కౌంటరు దగ్గర్నుంచి "ఏయ్ కరెంటాయనా, ఎన్ని మీటర్లు?" అని కేకేసేవారు.

ఆయన ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. అడిగితే చాయ్‌ల లెక్కలో చెప్పేవాడు. ఇంట్లో ఒక లైటుకో, ఫ్యానుకో వైరు గుంజి బిగిస్తే దాన్ని ఒక పాయింటు అంటారు, కూలి దాని మీదే.

"మీ ఇల్లు జేసినప్పుడు పాయింటుకు పది చాయ్‌లొస్తుండె తమ్మి. ఇప్పుడు నాల్గు."

"కూలి తగ్గిందా సారూ?"

"కూలి ఆడనే ఉన్నది. చాయే ముందుకు వోయింది."

చుట్టూ పొలాలు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. పని పెరిగింది కదా, మనిషి విలువ పెరగాలి. నేను డిగ్రీలో ఎకనామిక్స్ తప్పినవాణ్ణి కనుక అలా అనుకున్నాను. జరిగింది వేరు. అపార్ట్‌మెంటు మొత్తం పని ఒక కాంట్రాక్టరు తీసుకుంటాడు. అతను మూడు నెలలు గోడలు చెక్కిన పిల్లలకు తలా ఒక టెస్టరు కొనిచ్చి ఎలక్ట్రీషియన్లను చేస్తాడు. ఆ పిల్లల తప్పేమీ లేదు, గుంత తవ్వడం వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. ఫ్లాట్లలోనూ గృహప్రవేశాలు జరిగాయి, బట్టలు పెట్టారు, బావమరుదులకు. లోపల వైరు ఎవరు వేశారో ఇంటివాళ్ళకు తెలియదు, అడగడానికి చాప మీద ఎవరూ లేరు.

మా దుకాణంలో ఒక ఆనవాయితీ ఉండేది. గిరాకీని తెచ్చిన ఎలక్ట్రీషియన్‌కు సేటు చాటుగా ఇంత ముట్టజెప్పేవాడు. ఆయన దాన్ని తీసుకోకుండా, "ఇంటాయనకే తగ్గించు" అనేవాడు. సేటుకు దాంతో నిద్ర పట్టేది కాదు. "గీయన ఏదో పెద్ద ప్లాన్ల ఉన్నడు, జర కనిపెట్టు" అని నాకు రహస్యంగా చెప్పాడు. నేను ఐదేళ్ళు కనిపెట్టాను. ప్లాను బయటపడలేదు. మోపెడ్ అమ్మేసి బస్సులో రావడం మాత్రం బయటపడింది. అంగీ ఇంకా తెల్లగానే ఉంది.

2004లో ఒక పొద్దున ఇద్దరు మనుషులు మా కౌంటరు ముందు నిలబడ్డారు. ఒకరు ఆయన. ఇంకొకరు శామీర్‌పేట వైపు ఒక పటేలు. పొలం అమ్మి బిల్డరయ్యాడు, సుచిత్ర దగ్గరే అపార్ట్‌మెంటు కడుతున్నాడు. ఒకప్పుడు బావి మోటరు కాలిపోతే ఈ పటేలే స్కూటరు మీద బొల్లారం వచ్చి, వీధి మొదట బండి ఆపి, నడిచి వెళ్ళి ఆయన్ను తీసుకుపోయేవాడట. ఇప్పుడు కారు తాళం కౌంటరు మీద పెట్టి చీటీ చదువుతున్నాడు.

"ఎర్తింగు పైపులు మూడా? మూడెందుకయ్యా?"

"బిల్డింగుకు రెండు, లిఫ్టుకు ఒకటి పటేలా."

"మూడు గుంతలు తవ్వుతే కార్లు ఏడ వెట్టుకుంటరు? గీ లోకం నీకు తెల్వది. ఎర్తు వైరు దీస్కపోయి నీళ్ళ పైపుకు కట్టు. గంతే."

"నీళ్ళ పైపు ప్లాస్టిక్‌ది."

నేను బల్బులు లెక్కపెడుతున్నట్టు నటించాను. పటేలు గొంతు తగ్గించాడు, అంటే వీధిలో సగం మందికే వినబడింది.

"ఎవ్వలు సూస్తరయ్యా లోపట?"

ఆయన అలవాటు ప్రకారం ఆగాడు.

"కరెంటు సూస్తది" అన్నాడు.

"సూడు, నువ్వు పాత మనిషివని పిల్సిన. నువ్వు గాకుంటే అడ్డ మీద పది మంది దొర్కుతరు."

"దొర్కుతరు పటేలా. రేపటికెల్లి నేను గూడ ఆడనే ఉంట."

చీటీ మడిచి కౌంటరు మీద పెట్టి, దాన్ని వెనకచేత్తో పటేలు వైపు జరిపి వెళ్ళిపోయాడు. ఇంటికి పోయి చల్లబడి మళ్ళీ వస్తాడని సేటు అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. అంత పెద్ద పని వదులుకునే వయసు కాదు, పరిస్థితీ కాదు.

మర్నాడు ఆయన అడ్డ మీద ఉన్నాడు. మాట ఇచ్చాడు కదా.

సుచిత్ర అడ్డ అంటే తెలియనివాళ్ళకు: పొద్దున్నే కూలీలు పారలతో, తట్టలతో రోడ్డు పక్కన నిలబడతారు, పని ఉన్నవాళ్ళు వచ్చి బేరమాడి తీసుకుపోతారు. ఆ గుంపులో ఇస్త్రీ తెల్లంగి కిలోమీటరు దూరం నుంచి కనబడింది. జేబులో టెస్టరు. నేను దుకాణం తెరవడానికి పోతూ ఆయన్ను చూసి, ఒక ఆటో చాటుకు తప్పుకున్నాను. ఆయన పరువు కాపాడుదామని. ఆటో వెళ్ళిపోయింది.

"తమ్మీ" అన్నాడు.

ఆయన ముఖంలో విషాదం కోసం వెతికాను. దొరకలేదు. బస్సు కోసం నిలబడ్డ మనిషిలాగే ఉన్నాడు. పక్కనున్న తాపీ మనిషికి ఏదో ఫ్యూజు సంగతి వివరిస్తూ మధ్యలో ఆపి నన్ను పిలిచాడు.

"అవ్వ మంచిగున్నదా? గుంతల నీళ్ళు పోస్తాందా?"

అవ్వ పోయి అప్పటికి రెండేళ్ళు. గుంత మీద అమ్మ బట్టలుతికే బండ వేయించింది. అది చెప్పడానికి నోరు తెరిచాను. ఆ అంగీ, ఆ టెస్టరు, వెనకాల ఆ పారలు.

"పోస్తాంది సారూ" అన్నాను. "మంగళారం, శుక్రారం."

"ఎండకాలమే గదా? వానకాలం పోస్తే నీళ్ళు దండుగ."

"ఎండకాలమే సారూ."

తల ఊపాడు. ఇంతలో ఒకాయన స్కూటరు ఆపి, ఒక ఫ్యాను బిగించాలి ఎంత అన్నాడు. ఈయన చెప్పాడు. ఆ పక్కనున్న కుర్రాడు అందులో సగం చెప్పి స్కూటరెక్కాడు.

ఇక్కడ మీరు ఆ పటేలు అపార్ట్‌మెంటులో ఎవరో చనిపోతారని, ఆయన మాటే నిజమైందని అందరూ ఏడుస్తారని ఎదురుచూస్తుండవచ్చు. ఎవరూ చావలేదు. ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయాయి. పటేలు ఇంకోటి కట్టాడు. గీజరు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుందని అక్కడి వాళ్ళు అప్పుడప్పుడూ మా కౌంటరు దగ్గర చెబుతుంటారు. స్నానాల గదుల్లో చెప్పులు వేసుకుంటారట. ఆయన చెప్పినదంతా నిజమే, కానీ నిజానికి అంత తొందర లేదు.

పోయిన ఎండాకాలం, అమ్మ గరిటె పట్టుకుని ఆ మాట అన్న ఆదివారం, ఆయన్ను వెతుక్కుంటూ మచ్చ బొల్లారం వెళ్ళాను. మా నాయిన పాత డైరీలో సారు పక్కింటి ఫోను నంబరు, వీధి గుర్తు ఉన్నాయి. ఒక అద్దె గది. ముందు చిన్న వాకిలి. వాకిలి మూల ఒక ఇనుప పైపు భూమిలోంచి బెత్తెడు పైకి తేలి ఉంది. దాని చుట్టూ మట్టి తడిగా ఉంది. ఒకావిడ బియ్యం కడిగిన నీళ్ళు దాని మీద పోస్తోంది.

"సారు ఉన్నరా?"

"లేడు బిడ్డా."

"ఎప్పుడొస్తరు?"

ఆమె గిన్నె కింద పెట్టింది. "పోయి మూడు నెల్లాయె" అంది. అడగకముందే చెప్పింది, చాలామంది అడిగి ఉంటారు: "కరెంటుతోని గాదు. షుగరు." ముప్ఫై ఏళ్ళు ఆయన వెనకచేత్తో తాకకుండా నమ్మింది చాయ్‌లోని చక్కెర ఒక్కదాన్నే.

ఆమె అరుగు మీద జాగా చూపించింది.

"ఏం పని వడ్డది?"

"ఫ్రిజ్ షాక్ గొడ్తాందమ్మా. మేడ్చల్‌ల."

"మేడ్చల్‌ల?" ఆమె నన్ను పరకాయించి చూసింది. "నువ్వు బాణామతి అవ్వ మనుమనివా?"

ఆ బిరుదు ఇంత దూరం ప్రయాణించిందని నాకు తెలియదు. ఔనన్నాను.

"గా అవ్వ ముచ్చట మస్తుసార్లు జెప్పేటోడు. ఇన్ని ఇండ్లల్ల ఇన్ని గుంతలు తీస్తే, ఒక్కామెనే ఇమానంగ నీళ్ళు పోస్తాందనేటోడు. నువ్వు ఓ దినం అడ్డ కాడ కల్సినవట గదా? అవ్వ ఇంక పోస్తాందని జెప్పినవట. గా దినం పని దొర్కలే. ఒట్టి చేతులతోని ఇంటికొచ్చిండు. వచ్చి గా ముచ్చట మూడుసార్లు జెప్పిండు, నాకు యాష్టకొచ్చింది."

నేను పైపు వైపు చూస్తూ కూర్చున్నాను.

"మంచిగున్నదా అవ్వ?"

"అవ్వ పోయిందమ్మా."

"అయ్యో. ఎప్పుడు?"

ఎప్పుడో చెబితే లెక్క తేలిపోతుంది. "చాన్నాళ్ళాయె" అన్నాను. ఆమె నా ముఖం చూసింది. లెక్క తేల్చిందో లేదో తెలియదు. తేల్చినా అనలేదు.

"మరిప్పుడు గుంతల నీళ్ళు ఎవ్వలు పోస్తున్నరు?"

"ఎవ్వలు పోస్తలేరు."

"ఇగ ఫ్రిజ్ షాక్ గొట్టక ముద్దు వెడ్తదా?" అంది.

అద్దె ఇంట్లో ఈ పైపు ఎలా వచ్చిందని అడిగాను. ఓనరు ఊరికి పోయినప్పుడు ఆయనే తవ్వేశాడట. వచ్చి చూసి ఓనరు నెల రోజులు తిట్టాడట. ఇప్పటికీ తిడుతున్నాడట. ఆమె చాయ్ పెట్టింది. కప్పు, సాసరు. పేరు కూడా చెప్పింది. ఇక్కడ రాయడం లేదు. నేను పదమూడేళ్ళు అడగని పేరు మీకు ఒక్క పూటలో దొరకడం న్యాయం కాదు.

ఇంటికి వచ్చి నాయినా, నేనూ కలిసి ఉతికే బండ జరిపాం. ఉతికిన నీళ్ళన్నీ మోరీలోకే పోయేవి కనుక కింద మట్టి ఎండి పగుళ్ళిచ్చింది, పైపు మీద పసుపు మచ్చ ఇంకా ఉందేమోనని చూశాను. లేదు, తుప్పు ఉంది. రెండు బిందెలు పోశాను. మొదటి బిందె శబ్దం కూడా లేకుండా లోపలికి పోయింది. అమ్మ ఈసారి రెండు అడుగుల దూరంలో కాదు, పక్కనే నిలబడి చూసింది.

మర్నాడు పొద్దున వంటింట్లో నీళ్ళు గుమ్మరించి, చెప్పులు విడిచి, చెయ్యి వెనక్కి తిప్పి ఫ్రిజ్‌ను తాకాను. నాయిన, అమ్మ గుమ్మంలో నిలబడ్డారు.

ఏమీ కాలేదు.

అలాగని ఫ్రిజ్ బాగుపడలేదు. లోపల ఎక్కడో కరెంటు ఇంకా తప్పించుకుంటూనే ఉంది, మా అమ్మ మీదుగా కాకుండా గుంతలోంచి ఇంటికి పోతోంది. మెకానిక్‌కు చూపించాలి. ఈలోగా ఎండాకాలం మంగళవారం ఒక బిందె, శుక్రవారం ఒక బిందె పోయాలి. వానాకాలం అక్కర్లేదు.